పొట్టి తోక జాతి

గుర్రాల జాతులు పరిశోధించే పండితులవారికి,

కెంజెబెక్ తల్లి సలాములు. మీ ఉత్తరాన్ని ముల్లాగారు చదివి వినిపించారు. మా గుర్రాన్ని కోసి పుర్రె కొలిచామనీ, పొట్టి తోక ఆ జాతికి పుట్టుకతోనే వస్తుందని పుస్తకంలో వేశామనీ రాశారు.

అయ్యా, పుట్టుకతో కాదు. నా కొడుకు కెంజెబెక్ మంచుతుఫానులో పోయిన రోజున వాడి గుర్రం తోక నేనే కత్తిరించాను. చనిపోయినవాడి గుర్రానికి మేం అలాగే చేస్తాం. ఏడాదిపాటు దాన్నెవరూ ఎక్కరు. ఏడాది విందు నాడు కోసి, తల తెచ్చి సమాధి దగ్గర పెడతాం. పైలోకంలో వాడు దాన్నెక్కి తిరగాలి కదా.

ఈలోపే మా మరిది దోసాన్ దాన్ని మీకు అమ్మేశాడు. నేను గుండెలు బాదుకుంటే, “చచ్చినోడికి గుర్రమెందుకు వదినా? కాళ్ళున్నాయిగా, నడవనీ!” అని నవ్వాడు.

విందుకింక నలభై రోజులే ఉంది. మీ కాళ్ళు పట్టుకుంటాను, కొలవడం అయిపోయింది కదా, ఆ తల పంపించండి. నా బిడ్డ అక్కడ నడుస్తున్నాడు.

అదే జాతిలో ఇంకొకటి, ఆడది, కావాలని అడిగారు. అయ్యా, అలాంటి గుర్రం తయారవ్వాలంటే ఇంట్లో కొడుకు చావాలి. నాకున్నది వాడొక్కడే. మీకెంతమంది?