గుండీల డబ్బాలో పాపీ విత్తనాలు

నవంబర్ 6
అక్క వచ్చింది. వచ్చింది అని రాస్తున్నాను గానీ, నేనే తెచ్చాను. ఇక ఒంటరిగా ఉంచొద్దని డాక్టరు అన్నాడు. ఒక సూట్‌కేసు, కుట్టు మిషను, గుండీల డబ్బా. కాళ్లు ఆడనిదానివి మిషనెందుకు అన్నాను. అనకుండా ఉండాల్సింది.

డబ్బాలో గుండీలు లేవు. విత్తనాలు. పదకొండేళ్లుగా తన డాబా మీద పూస్తున్న పాపీలవట. గసగసాలకు దగ్గర చుట్టమట. నీళ్లు లేకపోయినా బతికేస్తాయి, మీ కుళాయి రోజు విడిచి రోజే కదా, సరిపోతుందిలే అంది. ఈసారి పూత చూసి పోతానంది. ఎక్కడికని నేను అడగలేదు.

నవంబర్ 9
విత్తనాలు బకెట్టు ఇసుకలో కలిపి పెరట్లో చల్లాను. మట్టి కప్పొద్దట, అరచేత్తో అదిమితే చాలట. మంచం మీంచి అన్నీ ఆర్డర్లే. ఆ కిటికీలోంచి తనకు ఆకాశం తప్ప ఏమీ కనపడదు. మొలిచాక చెయ్యి పెట్టకే, కదిపితే చస్తాయి అని మూడుసార్లు చెప్పింది. నేనేమైనా చిన్నపిల్లనా? యాభై ఎనిమిది నాకు.

నవంబర్ 24
మొలిచాయి. చెబితే రెండు ముద్దలు ఎక్కువ తింది.

డిసెంబర్ 15
ఒకచోట గుంపు, ఒకచోట బోడి. చూడలేకపోయాను. ముప్పై ఏళ్లు లైబ్రరీలో పుస్తకాలు సర్దిన చెయ్యి, ఊరుకోదు. స్పూనుతో తవ్వి, స్కేలు పెట్టి వరుసగా నాటాను. ఇప్పుడు ముచ్చటగా ఉంది. అక్కకు చెప్పలేదు. చెబితే తిడుతుంది.

డిసెంబర్ 18
అన్నీ తలలు వాల్చేశాయి.

డిసెంబర్ 19
ఒకటి పీకి చూశాను. ఒకటే వేరు, దారంలా నిలువుగా దిగేది, సగానికి తెగి ఉంది. అన్నిటికీ అంతే. ముప్పై ఒక్క మొక్కలు. డబ్బాలో ఒక్క గింజ మిగల్లేదు. నా చేతులు విరగ.

లోపల్నించి అక్క, ఎలా ఉన్నాయే అని కేకేసింది. బాగున్నాయక్కా అన్నాను. నోరు దానంతటదే ఆడింది.

జనవరి 13
స్కాన్ రిపోర్టు వచ్చింది. ఇక వారాలేనట. ఇంటికొచ్చి, మొగ్గలేశాయి అని చెప్పాను. రోజూ ఖాళీ మట్టి దగ్గర కాసేపు నిలబడి లోపలికి వస్తున్నాను. ఇంత సిగ్గులేనిదాన్నని నాకే తెలీదు.

ఫిబ్రవరి 2
పూశాయన్నాను. ఏం రంగే అంది. ఎరుపు అన్నాను. పాపీలంటే ఎరుపే కదా.

నా మొహం కాసేపు చూసింది. ఒక పువ్వు కోసుకురమ్మంటుందేమోనని దుప్పటి సర్దుతూ నిలబడ్డాను. అడగలేదు. నా చెయ్యి పట్టుకుని, ఎరుపైతే బాగుంటుందిలే అంది.

తన డాబా ఇక్కడికి రెండు వీధుల అవతలే. మెట్లు ఎక్కువని పదకొండేళ్లలో ఒక్కసారీ ఎక్కలేదు నేను.

ఫిబ్రవరి 11, ఉదయం 6
అక్క పోయింది.

మార్చి 9
కుళాయి పక్కన, విత్తనాలు చల్లిన రోజు ఇసుక బకెట్టు కడిగిన చోట, సిమెంటు పగులులో ఒకటి పూసింది. నా కంట పడలేదు గనక బతికింది.

నారింజ రంగు.