చీరలు దిగేదాక గోలీలు బంద్

జూన్ 9
రాత్రి దడ గోలీ ఏస్కున్న... పొద్దుగాల ఆసు కాడ తూగిన. మేకుల సుట్టు దారం తిప్పుడే తిప్పుడు, ఒక మేకు తప్పింది. బాపు సూడనే సూశిండు. "చీర మీద బొమ్మ చెదిరితె సావుకారి మొఖాన కొడ్తడు." అమ్మను పిలిచి — "చీరలు మగ్గం దిగేదాక దాని గోలీలు బంద్ పెట్టు." అమ్మ డబ్బా తీస్కపోయి బియ్యం డ్రమ్ముల దాచింది. నల్లగొండ డాక్టరమ్మ ఒక్కసారిగ ఆపొద్దన్నది గదా అన్న నేను.
"డాక్టరమ్మ వచ్చి ఆసు పోస్తదా?" అన్నది అమ్మ.
ఇద్దరికిద్దరు. థూ.

జూన్ 10
ఏం కాలే. చెయ్యి మస్తు ఉరుకుతాంది. బాపు నవ్విండు — "గిదీ నా బిడ్డ చెయ్యి!" నాకు మంచిగనిపించింది. గదే నాకు సయిస్తలేదు.

జూన్ 12
తలకాయల కరెంటు కొట్టినట్టు — కండ్లు తిప్పితె చాలు. అరచేతులు చెమట, దారం తడుస్తాంది. నా కంపు నాకే రోత. కాలేజీల ఊపిరాడక బాత్రూంల కూసున్న, ల్యాబ్ అయిపోయేదాక. గోలీలు మొదలువెట్టకముందు గిట్లనే అయితుండె. మళ్ల ఆడికే వచ్చిన.

జూన్ 13
పక్కింటి చిన్నమ్మ చాయ్ తాగుకుంట — "దడదడ అంటాందట? గుండెన్నంక కొట్టుకోదా బిడ్డా. ఆగితె గద ఫికర్!"
అందరు నవ్విండ్రు. అమ్మ గూడ. ఆమెకు చెప్పింది అమ్మనే. నోరాగదు.

జూన్ 15
రంగు గిన్నె కాడ వాంతి. బాపు ఉరికొచ్చిండు. నా కోసమే అనుకున్న. ముందుగాల, రంగుకు కట్టిన దారం పక్కకు జరిపిండు. గటెన్క నన్ను సూశిండు — "ఏమైంది?"
ఏమైందట!
ఛీ, మనుషులేనా వీళ్ళు. మొఖం కడుక్కోని మళ్ల పోయి ఆసు కాడనే కూసున్న. నేను మాత్రం ఏం మనిషిని.

జూన్ 16
ఆసు పొయ్యలే. కడుపుల నొస్తాందన్న. బాపు గిన్నెలు గట్టిగ పెట్టిండు, గంతే.

జూన్ 17
అన్నం తింటాంటె అమ్మ పక్కన కూసుంది. కొంగుల కెల్లి గోలీ తీసి నా చేతుల పెట్టింది. దానికి బియ్యం పిండి అంటింది. "ఏస్కో బిడ్డా... బాపుకు చెప్పకు." కండ్లల్ల నీళ్ళు. ఇన్ని దినాలు యాడ వొయ్యినయో గా నీళ్ళు.
గంతల బయట బాపు ఎవలతోనో అంటాండు — "నా బిడ్డ లెక్క ఆసు ఈ గల్లీల ఎవ్వలు పొయ్యరు."
గోలీ పిడికిట్లనే ఉన్నది, చెమటకు కరుగుతాంది. ఏస్కుంటె రేపు తూగుత. ఏస్కోకపోతె...
"బిడ్డా, రేపటి దారం తీసిపెట్టినవా?"
"తీసిపెట్టిన బాపు" అని చెప్పిన. పిడికిలి ఇప్పలే.