పాటల గది తలుపు

పాలు కాచి మూత పెట్టాను. మన పడగ్గది తలుపుకి లోపలివైపు కొత్త గడియ బిగించాను, వేసుకుని కాసేపు పడుకో. నేను వచ్చి తలుపు కొడతాను. తీయాలనిపించకపోతే తీయకు, హాల్లోనే ఉంటాను. భార్య ఇష్టపడితేనే దగ్గరికెళ్ళాలి, చర్చి దంపతుల క్లాసులో పాస్టరమ్మగారు నాకు నేర్పిన మొదటి పాఠం అదే.

చిన్నప్పుడు పాటల మాస్టారు చర్చి వెనక పాటల గదిలో గడియ వేసి నిన్నేం చేశాడో నిన్న సంఘ పెద్దలకి చెప్పావు. "క్షమించెయ్యమ్మా" అని ప్రార్థన చేసి పంపేశారు. క్షమించాలో వద్దో నీ ఇష్టం. నేను మాత్రం క్షమించలేను. నాలుగింటికి మళ్ళీ వాడి దగ్గరికి పిల్లలు పాట నేర్చుకోడానికి వస్తారు. ఈలోపే ఆ గది తలుపు ఊడదీసుకొస్తాను. నీ పేరెత్తను. తలుపెందుకు తీశావని ఎవరైనా అడిగితే వాడినే అడగమంటాను. అందరి ముందూ వాడే చెప్పుకోనీ.

ఇంకోటి. నిన్ననే చెప్పాల్సింది. ఆ పాటల గది గడియ బిగించింది నేనే, వడ్రంగం నేర్చుకున్న కొత్తలో. "గట్టిగా బిగించావురా" అని వాడు నా భుజం తట్టాడు. ఈరోజు ఆ భుజం మీదే తలుపు మోసుకొస్తాను.