తొట్టి ముందు నీడ

రత్నం,

నిన్నటితో నీ సంవత్సరీకం అయిపోయింది. చుట్టాలందరూ వెళ్ళిపోయారు. ఒక్క సంగతి నీకు చెప్పాలని రాస్తున్నాను.

పామర్రు కాలవలోంచి తెచ్చి నువ్వు చేపల తొట్టిలో నాటిన మొక్కలు పసుపుబారుతున్నాయి. నీ చేత్తో పెట్టినవాటిలో ప్రాణంతో ఉన్నవి అవే. బెంజ్ సర్కిల్ దగ్గర రంగు చేపల కొట్టతను, వెలుగు చాలుతోందో లేదో కొలుచుకోమని లైట్ మీటర్ ఇచ్చాడు. పొద్దున కిటికీ తీసి తొట్టి ముందు నిలబడి కొలిస్తే ఐదొందలే చూపించింది. అతనికి ఫోన్ చేశాను.

"కిటికీకి అడ్డంగా నిలబడ్డారా ఏంటి బాబాయ్ గారూ?"

"అవునండి."

"అయితే మీ నీడని కొలిచారండీ! కాస్త పక్కకి జరగండి."

నువ్వూ అదే అనేదానివి. నువ్వు తొట్టి కడుగుతుంటే నేను వెనకాల నిలబడేవాణ్ణి. "వెలుగుకి అడ్డమండీ, జరగండి" అని కసిరేదానివి.

మీటర్ తొట్టి మీద పెట్టి గోడవారకి జరిగాను. అంకె పన్నెండొందలకి పెరిగింది. కాసేపటికి మళ్ళీ ఐదొందలకి దిగి అక్కడే ఆగింది. బయట ఎండ అలాగే ఉంది. కిటికీ దగ్గర ఎవరూ లేరు.

కొట్టతనికి ఈ మాట చెప్పలేదు. మొక్కల కోసమైనా జరగమని నీతో అందామనుకున్నాను. మాట నోటిదాకా వచ్చింది. జరిగితే ఎటు వెళ్ళిపోతావోనని ఊరుకున్నాను.

తొట్టి పైన బిగించే లైటు ఒకటి తెమ్మని అతనికి చెప్పాను. రేపు తెస్తాడు. ఇక కిటికీ దగ్గర నువ్వు ఎంతసేపైనా నిలబడు.