నాలుగో లేన్‌లో గీత

మాస్టారూ, నమస్కారం. మీరు పోయి ఇవాళ్టికి నలభై మూడు రోజులు. నమస్కారం అలవాటు కొద్దీ పెట్టాను, గౌరవంతో కాదు.

బందరులో మన ల్యాబ్ అలాగే ఉంది. మీ గది సర్దమని మీ ఆవిడ, మేడమ్ గారు, తాళాలు నాకే ఇచ్చారు. మీ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ముద్దుల శిష్యురాలిని కదా మరి... ఆరేళ్ళుగా అవనిగడ్డ నుంచి బస్సులో వేలాడుతూ వస్తున్న పిచ్చిదాన్ని.

అడుగు సొరుగులో, మన ప్రోటీన్ పరీక్ష ఫలితం అచ్చుపడ్డ అసలు ఎక్స్‌రే ఫిల్మ్ దొరికింది.

సార్టిలిన్ గురించి మొదటిరోజు నాకేం చెప్పారో గుర్తుందా? "గుడివాడ జంక్షన్‌లో ఏ బండి ఏ లైనుకు మళ్ళాలో చూసేవాడుంటాడు చూడమ్మా, మెదడు కణంలో ఈ ప్రోటీన్ అలాంటిది. మన యాంటీబాడీ దాన్ని తప్ప ఇంకోదాన్ని ముట్టుకోదు." ఎంత బాగా చెప్పారండీ! నోరు తెరుచుకుని విన్నాను.

మరి ఆ ప్రోటీన్ అసలు లేని ఎలుక మెదడు మీద కూడా చూద్దామా అని అడిగితే ఏమన్నారు? "ఆ శాంపిల్ దారిలోనే పాడైపోయిందమ్మా, పారేశాను. ఫిల్మ్ మీద గీత వస్తోందిగా, ఇంకెందుకు నీ చాదస్తం?"

పారేయలేదు. పరీక్ష చేశారు. మన పరిశోధన పేపర్లో వేసిన బొమ్మలో మూడు లేన్లే, ఒక్కో శాంపిల్‌కు ఒక్కో నిలువు వరస. ఫిల్మ్ మీద నాలుగున్నాయి. నాలుగోదాని పైన "ప్రోటీన్ లేని ఎలుక" అని మీ చేతిరాతే. ఖాళీగా ఉండాల్సిన చోట నల్లగా, లావుగా అదే గీత! అంటే మన యాంటీబాడీ పట్టుకుంటున్నది సార్టిలిన్‌ని కాదు, ఇంకేదాన్నో. పక్కన వేసిన తేదీ నేను ల్యాబ్‌లో చేరకముందుది.

మీరూ పప్పులో కాలేశారనుకుంటే క్షమించేదాన్ని. తెలిసి తెలిసి నన్నెందుకు దింపారు ఇందులోకి?

నమ్మబుద్ధి కాక ఆ శాంపిల్ మళ్ళీ తెప్పించి నేనే చేశాను. అదే గీత. నా థీసిస్ మొత్తం దాని మీదే... వచ్చే నెల ఇచ్చేయాలి. నోరు మూసుకుంటే డాక్టరేట్. నోరు విప్పితే ఆరేళ్ళూ గోడకేసిన సున్నం. ఇదీ మీరు నాకు చేసిన ఉపకారం.

మొన్న సంతాప సభలో మిమ్మల్ని సత్యసంధుడన్నారు. ఒళ్ళు మండిపోయింది. బతికుంటే మొహం మీదే అడిగేదాన్ని. చచ్చి తప్పించుకున్నారు! ఇంత మాట అన్నాక ఏడుపొస్తోంది, అందుకు ఇంకా కోపంగా ఉంది.

థీసిస్ ఆపేశాను. పేపర్ వెనక్కి తీసుకోమని పత్రికకు ఉత్తరం రాయబోతున్నానని మేడమ్ గారికి ముందే చెప్పాను. పాపం, నా రెండు చేతులూ పట్టుకుని బతిమాలారు, ఆయనకు తెలియకుండా జరిగిందని రాయమ్మా అని. ఆవిడ మొహం చూసి సరేనన్నాను.

రాయడానికి కూర్చుంటే చెయ్యి రాలేదు. మాస్టారికి తెలుసు అనే రాశాను.

ఇక ఉంటాను.

ప్రసన్న