వెనక ఉన్న చెయ్యి

పటాన్‌చెరు, 2006. ఆదివారం రాత్రి.

నెట్ కేఫ్‌లో మేం నలుగురం మిలిటరీ గేమ్ ఆడేటప్పుడు చివర ఉండేది ఎప్పుడూ శ్రీశైలమే. "నువ్వు ముందుకు నడువురా, ఎనక నేను సూస్త" అనేవాడు. ముందున్నవాడు వెనక్కి తిరగకూడదు, వెనకున్నవాడు ఆగితే కేకేసి చెప్పాలి. ఆ పద్ధతి మాకు నేర్పింది అతనే.

ఈ సాయంత్రం నేనూ శ్రీశైలమూ పనిచేసే ఫ్యాక్టరీలో సాల్వెంట్ డ్రమ్ములు అంటుకున్నాయి. పొగలో ఏమీ కనపడలేదు. శ్రీశైలం నా భుజం పట్టుకుని అదే మాట అన్నాడు. నేను గోడ తడుముకుంటూ నడిచాను. భుజం మీద చెయ్యి బరువు తెలుస్తూనే ఉంది, అందుకే తిరిగి చూడలేదు. గేటు దగ్గర గాలి తగిలాక చూస్తే వెనక ఎవరూ లేరు.

అతన్నీ ఒక బీహార్ కూలీనీ ఫైరింజన్ వాళ్లు మోసుకొచ్చారు. ఇద్దరూ బతికారు. ఆసుపత్రిలో శ్రీశైలం మాస్క్ పక్కకు జరిపాడు.

"స్టోర్ రూం కాడ్నే నిన్ను వదిలినరా. లోపల ఎవడో దగ్గుతుండె. ఆగుతున్ననని ఒర్రిన. ఇనలేదా?"

"ఇనపడలే."

"మంచిగైంది. ఇంటే ఆగుతుంటివి."

స్టోర్ రూం నుంచి గేటు చాలా దూరం. ఆ దూరమంతా నా భుజం మీద చెయ్యి ఉంది. అతనికి చెప్పలేకపోయాను.

ఇందాక లైటు ఆర్పి, మళ్లీ వేశాను. గోడకు వీపు ఆనించి రాస్తున్నాను. వెనక ఖాళీగా ఉంటే కూర్చోలేకపోతున్నాను...