షామియానా కింద మూడు వేల మంది

20 ఫిబ్రవరి 2016, శనివారం

స్లాట్ ఇచ్చారు. మధ్యాహ్నం రెండు గంటలకి!

విజయనగరంలో సంగీతోత్సవం మూడు రోజులు. సాయంత్రాలు పెద్ద వేదిక మీద సినిమా గాయకులు, కచేరీ విద్వాంసులు. మిట్టమధ్యాహ్నం ఎండలో చిన్న వేదిక మా జనం పాటల టీమ్‌కి. శుక్రవారం ఒకసారి, ఆదివారం ఒకసారి. జనం పాటంటే కమిటీకి అంత లోకువ. ఘాటుగా ఉత్తరం రాశాను. మా డప్పు మురళీమోహన్ లాక్కుని చించేశాడు. ఒరే సంజయ్, నీ కోపానికి ఉన్న స్లాటూ పోతాది, నోరు ముయ్ అన్నాడు.

22, సోమవారం

ఆదివారం ప్రిస్కిల్లా సోలో. మా కృపారావు మావయ్య కూతురు. నెల్లిమర్ల చర్చి క్వయర్ దాటి ఎక్కడా పాడలేదు. మ్యూజిక్ కాలేజీలో చేరతానంటుంది. మావయ్య నర్సింగ్ అంటాడు. ఏడాదిగా ఇదే గొడవ.

ఈ రోజు మావయ్య ఒక మెట్టు దిగాడు. సర్చిలో అందరూ మనోళ్లే, నువ్వు దగ్గినా ఆమెన్ అంటారు, బయటోళ్లు కూకుని వింటే అప్పుడు సూద్దాం అన్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక తనే వచ్చి చూస్తాట్ట. వినకపోతే నర్సింగ్. ప్రిస్కిల్లా సరే అంది. అన్నం మాత్రం కలిపి వదిలేసింది.

26, శుక్రవారం, సాయంత్రం ఏడు

మూడు వేల మంది!

ఖాళీ కుర్చీలకి పాడతామనుకుని వెళ్లాం. షామియానా కిటకిటలాడిపోతోంది. అందరూ ఆడవాళ్లే. పల్లెల నుంచి వచ్చినవాళ్లే. వెనక వరసల్లో మొహాలు కనపడటం లేదు, చీరల రంగులే. జూట్ మిల్లు లాకౌట్ పాట ఎత్తుకున్నాం. చెయ్యి పైకి లేపితే చప్పట్లు, రేకుల మీద వాన పడ్డట్టు. మళ్లీ లేపాను. మళ్లీ చప్పట్లు.

పది రూపాయల విప్లవ పుస్తకాలు చదువుకుని చెడిపోయానంటారు ఇంట్లో. ప్రజలు కదిలి వస్తారని ఆ పుస్తకాల్లోనే ఉంది. వచ్చారు కదా!

ఇంకో షాక్. ఆరింటికి పెద్ద వేదిక మీద కచేరీకి తొంగి చూశాను. పట్టుమని నాలుగు వరసలు లేరు. మా మూడు వేల మందిలో ఒక్కరూ అటు పోలేదు. ప్రజలు తేల్చేశారు.

27, శనివారం, పొద్దున్న

పక్కింటి బుల్లమ్మత్త కూడా నిన్న షామియానా కిందే ఉందట. పాట ఎలా ఉందత్తా అని అడిగాను.

పాటేటి నాయనా, స్పీకర్ల గోలకి సెవులు దిబ్బెళ్లెట్టీసినాయి, నానూ పక్కన కూకున్న ఈశ్వరీ కబుర్లాడుకున్నాం అంది. మరి ఎందుకొచ్చారు? మంత్రిగోరు ఎప్పుడొస్తారో తెల్దు, కుర్సీలు ఖాళీగా ఉండకూడదట, పొదుపు సంఘాలోళ్లందరికీ బస్సులెట్టారు, రెండుసార్లు హాజరు తీత్తారు, రాకపోతే లోను లిస్టులో పేరు కొట్టేత్తారట అంది. అయిదింటికి బస్సులు తిరిగొచ్చేస్తాయట.

చప్పట్లు? నువ్వు సెయ్యెత్తినప్పుడల్లా కొట్టమని మా లీడరు సైగ సేసింది, మా సేతులు కందిపోనాయి, మాటికీ అలగ ఎత్తకు బాబూ అంది.

మధ్యాహ్నం

మనుషులా, సామానా? బస్సుల్లోకెత్తి దించడానికి?

28, ఆదివారం

సోలోకి ముందు ఒక్క నిమిషం మైకు అడిగాను. ప్రిస్కిల్లా ఇచ్చింది.

షామియానా మళ్లీ నిండుగా ఉంది. రెండో వరసలో మావయ్య తెల్లచొక్కాతో, ఒళ్లో బైబిలుతో. నేను మాట్లాడాను. మిమ్మల్ని తోలుకొచ్చారు, మీరు ఎవరి సొత్తూ కాదు, బలవంతంగా కూర్చున్నవాళ్లు పాట వినరు, మాకు అలాంటి శ్రోతలు అక్కర్లేదు, లేచి వెళ్లిపోండి, మీకు ఆ హక్కుంది అన్నాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు.

లేచారు.

ముందు ఒక వరస. తర్వాత మొత్తం. కొందరైనా ఆగుతారనుకున్నాను. మేం విని వెళ్తాం అంటారనుకున్నాను. చెప్పులు వెతుక్కుంటూ, నవ్వుకుంటూ, ఒకరినొకరు పిలుచుకుంటూ వెళ్లిపోయారు. మొత్తం ఖాళీ. మురళీమోహన్ డప్పు కింద పెట్టేసి, సెప్పాను కదరా నీ నోరు అన్నాడు.

అప్పుడు చూశాను ప్రిస్కిల్లా వైపు. నా చేతిలోంచి మైకు తీసుకుంది. పాడింది. మొత్తం పాడింది, ఒక్క చరణం మానలేదు. మిగిలింది మావయ్య, నిద్రపోతున్న కానిస్టేబులు, కుర్చీలు పేర్చే ఇద్దరు. చరణానికీ చరణానికీ మధ్య కుర్చీ మీద కుర్చీ పడ్డ చప్పుడు. అంత బాగా పాడటం నేనెప్పుడూ వినలేదు.

మావయ్య బైబిలు చంకలో పెట్టుకుని, పాపా పద అన్నాడు. నా వైపు చూడలేదు.

29, సోమవారం

పేపర్లో శుక్రవారం ఫోటో వేశారు. ఉత్సవాలకు పోటెత్తిన జనం అట.

బుల్లమ్మత్త గుమ్మంలోనే పట్టుకుని కడిగేసింది. ఒరే, వెళ్లిపోండన్నావు, బస్సులేమో అయిదింటికి గానీ కదల్లేదు, రెండో హాజరు రోడ్డు మీదే తీసినారు, మూడు గంటలు రోడ్డు మీద ఎండలో మాడ్చీసినావు, షామియానా కింద కూకుంటే నీ సొమ్మేటి పోయింది? ఏడాదికోపాలి పొయ్యి కాడ నుంచి లెగిసి కుర్సీలో కూకోడం నీకు బలవంతంలాగా కనబడ్డాదా? అంది.

చివర్లో గొంతు తగ్గించి అంది. మన పాప పాడతాదనే నాను ఆదోరం ముందు వరసలో సోటు పట్టుకున్నాను. సంఘం మొత్తం లెగిస్తే నానొక్కదాన్నీ ఎలగ కూకోను?

ఒక్క మనిషి నిజంగా వినడానికి వచ్చింది. ఆమెనీ నేనే లేపేశాను.

2 మార్చి, బుధవారం

మావయ్య దగ్గరికెళ్లాను. తప్పు నాది, పాటది కాదు అన్నాను. మావయ్య అరవలేదు. అరిస్తే బాగుండేది. బలవంతంగా కూకున్నోళ్లు వినరని నువ్వే మైకులో సెప్పినావు, సరే, మరి లెగిసెళ్లిపోయినోళ్లు ఏటి సెప్పినట్టురా? అన్నాడు.

బతిమాలాను. పదమూడో తారీకు ఆదివారం సాయంత్రం, జూట్ మిల్లు ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో ఇంకొక్కసారి పాడనివ్వమన్నాను. సర్చోళ్లు కాకుండా బయటోళ్లని సూపించు, లేకపోతే సోమవారం నర్సింగ్ ఫీజు కట్టేస్తాను అన్నాడు.

ప్రిస్కిల్లా లోపల్నుంచే ఒక్క మాట అంది. బావా, ఈసారి మైకు నువ్వు ముట్టుకోకు.

5, శనివారం

మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగాను. అందరూ వస్తామంటున్నారు. ఎలా అంటున్నారో విన్నాను కదా. ఒకాయన సీరియల్ టైమా అన్నాడు. ఒకామె భోజనం ప్యాకెట్టు ఇస్తారా అంది. పాట గురించి ఒక్కరూ అడగలేదు. మురళీమోహన్ లెక్కేసి, మనతో కలిపి పదిమంది అన్నాడు.

బుల్లమ్మత్త ఖాయం. కానీ ఒక్కదాన్నీ కూకోలేను నాయనా అంది.

7, సోమవారం

బుల్లమ్మత్త సంఘం లీడరు పద్మకుమారి గారింటికి వెళ్లాను. పదమూడో తారీకు సాయంత్రం నాకు వందమంది కావాలి అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఎన్నింటికి, ఎంతసేపు అని మామూలుగా అడిగారు.

హాజరు తియ్యాలా అన్నారు.

తియ్యండి అన్నాను.